పదిమందిలో ఒక గొంతు

గది తలుపులేసుకుని మా అబ్బాయి ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అదే గిటారు కాలేజీ వార్షికోత్సవంలో, సరిగ్గా సోలో దగ్గరికొచ్చేసరికి మూగనోము పట్టింది! వేళ్లు పరుగెడుతున్నాయి, నాదమేదీ?

"కాస్త సౌండు పెంచకపోయావట్రా?" అన్నాను మర్నాడు.

"నేను పెంచితే అందరూ పెంచుతారమ్మా!"

నిజమే, పెళ్లింట్లో మాటల్లాగ!

వాడు చెప్పిందేమిటంటే, కింది స్వరాలన్నీ బేస్ గిటారూ, డ్రమ్ములూ ఆక్రమిస్తాయి. పై గలగలలు సింబల్స్‌వి. గిటారుకి మిగిలేది నడిమి స్థాయి. ఒంటరిగా వాయించుకునేటప్పుడు దాన్ని తగ్గిస్తే కమ్మగానే ఉంటుందిట. బృందంలో మాత్రం అదే కొంప ముంచుతుంది. అందుకే సోలో ముందు కాలితో పెడల్ నొక్కి ఆ నడిమి స్థాయినీ, మూడు నాలుగు డెసిబెల్స్ శబ్దాన్నీ పెంచుతారు. క్వీన్ బృందంలోని బ్రయన్ మే, 1963లో తండ్రితో కలిసి చలిమంట గూటి పాత చెక్కతో చెయ్యడం మొదలెట్టిన గిటారుకి ట్రెబుల్ బూస్టరనే చిన్న సాధనం తగిలించి గొంతు తెప్పించాడు.

అన్నిటికన్నా పెద్ద కిటుకు వేరే ఉంది. ఆ కాసేపూ కీబోర్డు కుర్రాడు చేతులు తేలిక చెయ్యాలి, రెండో గిటారు తగ్గాలి. చోటివ్వాలన్నమాట.

మా అమ్మకి మా ఇంట్లో ఎవరూ అలా తగ్గి చోటివ్వగా నేను చూడలేదు. ఆవిడకి గొంతు లేక కాదు.

నలుగురు కుర్రాళ్లు ఒకరికోసం ఒకరు తగ్గడం సాధన చేస్తున్నారు. రేపు వీళ్ల ఇళ్లకి కోడళ్లొస్తే, ఈ సాధన అక్కడా అక్కరకొస్తుంది. ఏమంటారు?