పేరు చెప్పని యిల్లాలు

నూటయెనిమిది యనగా జపమాలపూసల లెక్క యని చిన్ననాట నేర్చితిమి. 2005 ఆగస్టు 15 నాడు హైదరాబాదులో నది యాపదలో పిలువవలసిన సంఖ్య యయ్యెను. ఆ పిలుపుల నందుకొనువారి యోర్పెట్టిదో మా కొక మధ్యాహ్నము తెలిసెను.

జగ్గయ్యపేటనుండి నందిగామకు బోవుచుండగా, త్రోవప్రక్క నొక వృద్ధుడు సైకిలుమీదనుండి పడి తల పగులగొట్టుకొని యుండెను. భార్య పైటచెంగుతో నెత్తురు నదిమిపట్టి కూర్చుండెను. మేము ఫోను చేసితిమి.

“ఏ జిల్లా అండీ?” అని యొక యాడుగొంతు.

“కృష్ణా జిల్లా” యంటిమి. 2022 ఏప్రిలులోనే యీ ప్రాంతము ఎన్టీఆర్ జిల్లాలో జేరినదని పిల్లలకు బాఠము చెప్పునది మేమే!

“దగ్గర గుర్తేమైనా?”

“చింతచెట్టు.”

“ఏ చింతచెట్టండీ?”

ముసలమ్మ ఫోను లాగుకొని, “చిల్లకల్లు టోల్‌గేటు దాటి, నందిగామ పొయ్యే దారిలో, ఎడంచేతి పక్క” నని యొక్క గుక్కలో జెప్పెను.

“పేషెంటు పేరేంటమ్మా?”

“మా పెద్దోడి నాన్న.”

“పేరమ్మా, పేరు!”

“ఆయన పేరు నా నోటితో ఎట్టా చెప్పేది?”

స్త్రీవిద్యనుగూర్చి సభలలో మాటలాడిన మేము కసరబోవునంతలో, వృద్ధుడు కన్ను దెరచి తన పేరు తానే గట్టిగా జెప్పెను.

“సరే, స్పృహలో ఉన్నారు. తర్వాత అదే అడగబోతున్నా” నని యావలి గొంతు నవ్వెను. వెంటనే నవ్వు మాని, గుడ్డ తీయవద్దు, తల కదపవద్దు, నీళ్లు పోయవద్దు అని చెప్పెను.

బండి వచ్చువరకు ముసలమ్మ చేయి తీయలేదు. ఆసుపత్రిలో చీటీ వ్రాయువాడు మరల పేరడిగెను. ఆమె మావైపు జూచెను. మేమే చెప్పితిమి.