కొత్త ఇంజనుకు బాలారిష్టాలు

మా బావమరిది బండి 2004 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. 150 అశ్వశక్తి గల టర్బో కారు. తిరిగి తిరిగి అది అలసిపోతే, ఇంటికని దాచిన డబ్బుతో మేడ్చల్ షెడ్డులో ఇంజను విప్పించి మళ్లీ కట్టించాడు. మా ఆవిడ వారం రోజులు తమ్ముడితో మాట్లాడలేదు.

ఇంజను బిగించిన రోజు నేనూ వెళ్లాను. ఉస్తాద్ వెంటనే స్టార్టు చేయలేదు. ప్లగ్గులు తీసి, పెట్రోలు ఆపి, నూనె పైకెక్కేదాకా ఊరికే తిప్పాడు.

"టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది సార్. నూనె అందకపోతే దాని పని సరి!"

తరువాత శామీర్‌పేట దారి పట్టాం. మావాడు గాజుబొమ్మను మోస్తున్నట్టు నడుపుతుంటే వెనకనుంచి ఉస్తాద్ కేకేశాడు: "గారాబం చేయకన్నా! సగం తొక్కు, వదులు, మళ్లీ తొక్కు."

సిలిండరులో ఒత్తిడి పుడితేనే రింగులు గోడలను ఒరుసుకుని కుదురుకుంటాయట. మరీ మెత్తగా నడిపితే గోడలు నున్నబడి, బండి జన్మంతా నూనె తాగుతుందట. అలాగని పూర్తిగా తొక్కనూ కూడదు. మా ఛందస్సులో కూడా ఇన్ని నియమాలు లేవు!

80 కిలోమీటర్లకే నూనె మార్చారు. పాత నూనెలో సన్నని లోహపు రజను మెరిసింది. మావాడి ముఖం పాలిపోయింది.

"మొదట్లో అంతే. ఒరుసుకుంటోంది," అన్నాడు ఉస్తాద్.

వెయ్యికి ఇంకా 920 ఉంది. వచ్చే ఆదివారం మా ఆవిడా వస్తానంది.