మారుమనస్సు

గోదావరి యొడ్డున నున్న మన నాందేడు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ యేడు నవంబరు 1న బొంబాయి రాష్ట్రమునను, 1960 మే 1న మహారాష్ట్రమునను చేరినది. ఎల్లలు మారినను మన యిండ్లలో తెలుగు నిలిచినది. మా యింట దానికి ఆధారము తెలుగు బైబిలు.

మా పిల్లలు మరాఠీ బడిలో చదివినవారు. ఒకనాటి సాయంకాలము మా పెద్దమ్మాయి మత్తయి సువార్త మూడవ అధ్యాయమును రెండు భాషలలోను ప్రక్కప్రక్కన పెట్టుకొని, "బాపూ, మరాఠీల 'పశ్చాత్తాప' అని ఉన్నకాడ తెలుగుల 'మారుమనస్సు' అని ఎందుకున్నది?" అని యడిగినది. గ్రీకు మూలములోని మాట 'మెటానోయియా'. మనస్సు మారుటయే దాని యర్థము. పశ్చాత్తాపము జరిగినదానికై వెనుక కలుగు తాపము; మారుమనస్సు త్రోవ మార్చి వేయు అడుగు. ఇట్లు ఆమెకు చెప్పితిమి.

చెప్పితిమి గాని, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తండ్రిగారి పొలము విక్రయించినపుడు తమ్మునికి చెందవలసిన సొమ్ములో కొంత మేము దాచుకొంటిమి. తొమ్మిదేండ్లుగా మాకు తాపము లేకపోలేదు. ప్రతి ఆదివారము దానిని దేవునికి నివేదించుచునే యుంటిమి. తమ్మునికి మాత్రము చెప్పలేదు.

బలిపీఠము నొద్ద అర్పణమును విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని క్రీస్తు కొండమీద బోధించెను. లూకా సువార్తలో, యెరికోలోని సుంకపు గుత్తదారుడగు జక్కయ్య అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు మరల నిత్తుననెను. అయినను క్షమాపణ సొమ్మునకు దొరకునది కాదు. అదే సువార్త పదునైదవ అధ్యాయములో, తప్పిపోయిన కుమారుడు ఇంకను దూరమున నుండగనే, ఒక్క మాటయైనను పలుకకమునుపే, తండ్రి పరుగెత్తి కౌగిలించుకొనెను. తిరిగి యిచ్చుట క్షమాపణకు వెల కాదు. మారిన మనస్సునకు గుర్తు.

ఆ వారమే సొమ్ము మూటగట్టుకొని ధర్మాబాదునకు రైలెక్కితిమి. తమ్ముడు మా మాటలన్నియు విని, కొంతసే పూరకుండి, "అన్నా, లెక్క నాకు అప్పుడే ఎరుక. నువ్వే చెప్తవని ఇన్నొద్దులు చూసిన" అనెను. సొమ్ము వలదనలేదు, పుచ్చుకొని లోపల పెట్టెను. పిమ్మట మరదలిని పిలిచి అన్నము వడ్డింపుమనెను.

తప్పిపోయిన కుమారుని కథలో విందు లోపల జరుగుచుండగా పెద్దకుమారుడు బయట నిలిచియుండును. తండ్రి వచ్చి బతిమాలెను. అతడు లోపలికి పోయెనో లేదో లూకా వ్రాయలేదు. మేమును పెద్దకుమారులమే. తొమ్మిదేండ్ల తరువాత ఆనాడు తమ్ముని యింట పీటపై కూర్చుంటిమి.