చేసిన పనే చెప్పుకోవాలి

భిలాయి సెక్టర్ 6లో మా వీధి పిల్లలు ఉద్యోగానికి దరఖాస్తు పంపేముందు నాకోసారి చూపిస్తారు. చాలావరకు అందరిదీ ఒకే ఉత్తరం. కష్టపడే స్వభావం, నిజాయితీ, నలుగురితో కలిసిపోయే గుణం, అవకాశమిస్తే సంస్థ అభివృద్ధికి పాటుపడతాను. పేరు మారిస్తే ఎవరిదైనా అయిపోతుంది. ఆ పిల్లల పనితనం ఎరిగినవాణ్ణి కాబట్టి నాకది బాధగా ఉంటుంది.

ఈమధ్య ఫిట్టర్ ట్రేడులో ఐటీఐ చదివి, అప్రెంటిస్‌షిప్ ముగించిన అమ్మాయి వచ్చింది. ఏం పని చేశావమ్మా అంటే "ఏముంది బాబాయ్, మెయింటెనెన్స్" అంది. వదలకుండా అడిగాను. ఒక నీళ్ల పంపులో బేరింగు మాటిమాటికీ వేడెక్కేదట. కొత్తది వేసినా అంతే. డయల్ గేజ్ పెట్టి చూస్తే పంపు షాఫ్టూ మోటారు షాఫ్టూ ఒక వరసలో లేవు. మోటారు కాళ్లకింద పల్చటి షిమ్ములు సర్ది, మళ్లీ కొలిచి, బోల్టులు బిగించాక వేడి తగ్గింది. చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఊరుకోలేదు. ఇదే రాయమన్నాను. "ఇలాంటివి కూడా రాస్తారా?" అని ఆశ్చర్యపోయింది. ఇవి కాక ఇంకేం రాయాలి తల్లీ!

ఈ ఊరు నిలబడిందే పని నేర్చుకున్నవాళ్ల మీద. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందమైంది, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చిన మన తెలుగువాళ్లలో చాలామందికి ఉక్కు పని పూర్తిగా కొత్త. రష్యన్ ఇంజనీర్ల దగ్గర దుబాసీల ద్వారా, సైగల ద్వారా నేర్చుకున్నారు. ఇప్పుడు ఇక్కడి మిల్లులో 130 మీటర్ల రైలు పట్టా ఒకే ముక్కగా తయారవుతోంది. అలాంటి మిల్లుల్లో పనిచేసి రిటైరైన తాతలు సాయంత్రం వరండాల్లోనే కూర్చుంటారు. ఇంటర్వ్యూకి సిద్ధమయ్యే పిల్లలకి నేను చెప్పేది ఒకటే: కోచింగ్ పుస్తకం పక్కనపెట్టి ఓ గంట వాళ్లముందు కూర్చోండి. మీరు రాసిన ప్రతి వాక్యానికీ వాళ్లు ఎందుకు, ఎలా, ఆ తర్వాత ఏమైంది అని అడుగుతారు. ఆ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే ఎవరిముందైనా కూర్చోవచ్చు.

కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో కింది స్థాయి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు. టెక్నీషియన్ ఉద్యోగాలకి రాత పరీక్ష, ఆపైన ట్రేడ్ టెస్ట్. మంచి మార్పే అంటాను. సిఫార్సుకి చోటు తగ్గింది, చేతికి విలువ పెరిగింది. అయినా ఇంజనీరు పోస్టులకీ ప్రైవేటు కంపెనీలకీ ఇంటర్వ్యూ తప్పదు.

మన ఇళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది, చివర అడిగే ఫారాలు ఇక్కడివి. అందుకని పేరు చివరి ‘రావు’ అన్నదే కొన్ని ఇళ్లలో ఇంటిపేరైపోయింది. పదో తరగతి మార్కుల జాబితాలో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే సర్టిఫికెట్ల పరిశీలనలో ఇబ్బంది తప్పదు. నోటిఫికేషన్ రాకముందే దిద్దించుకోవాలి.

భాష సంగతీ అంతే. ఇంట్లో తెలుగు, వర్క్‌షాపులో హిందీ, కాగితం మీద ఇంగ్లీషు. విశాఖలో ఇంటర్వ్యూకి వెళ్లిన పిల్లలు తమ పనిని తెలుగులో చెప్పలేక నోరు కట్టేసినట్టు కూర్చుంటారు. వాళ్లు ఆ పని హిందీలో నేర్చుకున్నారు మరి. మొదటే మర్యాదగా "హిందీలో చెప్పనా సార్?" అని అడిగితే తప్పేం లేదు. సరేనంటే మంచిదే. తెలుగులోనే చెప్పమంటే కాగితమందుకుని బొమ్మ గీసి చూపించమంటాను. పంపు ఎక్కడుంది, మోటారు ఎక్కడుంది, షిమ్ము ఎక్కడ పెట్టారో గీస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి.