పెట్టెలో తుమ్మెద

తెలుగువాడికి చప్పుళ్ళ కేమీ కరువు లేదు. వాన చిటపటమంటుంది. తలుపు కిర్రుమంటుంది. ఎండుటాకులు గలగలమంటాయి. తుమ్మెద ఝుమ్మంటుంది. ధ్వన్యనుకరణాలని వీటికి పేరు పెట్టి, పాఠం చెప్పి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఇచ్చి, అంతటితో మరచిపోతాం. ఇంత సంపద నాలుక మీద ఉంచుకుని, ఇంట్లో కంప్యూటరు రొద చేస్తే మాత్రం దుకాణానికి వెళ్ళి, "ఏదో సౌండు వస్తోందండీ" అంటాం. "ఒంట్లో ఏదోగా ఉంది" అన్న రోగికి డాక్టరు ఉన్న పరీక్షలన్నీ రాసినట్టు, దుకాణంవాడూ ఉన్న భాగాలన్నీ మార్చమంటాడు. అతని తప్పేముంది?

మా యింట్లో కంప్యూటరు 2014లో కొన్నది. సెలవుల్లో పల్లెలు తిరిగి, ముసలమ్మల చేత పాడించి రికార్డు చేసుకున్న నాట్ల పాటలు, తిరగలి పాటలు, అప్పగింతల పాటలు నాలుగువందల పైచిలుకు అందులో ఉన్నాయి. పాడినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. అందుచేత నిరుడు వేసవిలో ఆ పెట్టె రొద మొదలుపెట్టి, మధ్యమధ్య తనంతట తాను ఆగి మళ్ళీ లేవడం చూసేసరికి నా గుండెల్లో రాయి పడింది. ముందుగా పాటలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాను. తరువాతే వైద్యం.

చూడవచ్చిన కుర్రాడు రెండు నిమిషాలు విని, "బోర్డు పోయినట్టుంది సార్. కొత్త సిస్టం తీసుకోండి, నలభై వేలల్లో చేసిపెడతాను" అన్నాడు.

అతను వెళ్ళాక మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, బోర్డు సంగతి నాకు తెలియదు గాని, మీ పెట్టెలో తుమ్మెద దూరింది" అంది.

ఆ ఒక్క మాటతో సగం వ్యాధి తేలింది. ఎలాగంటారా? కంప్యూటరులో చప్పుడు కొక జన్మస్థానం ఉంది. గరగరమంటే పంకా. దుమ్ము పట్టిందో, బేరింగు అరిగిందో, లోపలి తీగ ఏదైనా రెక్కలకు తగులుతోందో చూసుకోవాలి. టక్ టక్ మంటే హార్డుడిస్కు. అప్పుడు మరే పనీ పెట్టుకోక, లోపలున్నది నకలు తీసుకోవాలి. కీచుమని సన్నగా కూస్తూ, తెరమీద బొమ్మ కదిలినప్పుడల్లా శ్రుతి మారుతుంటే అది తీగచుట్టల కూత. కరెంటు హెచ్చుతగ్గులకు చుట్టలు వణకడంవల్ల వస్తుంది. చెవికి బాధే గాని, దానివల్ల యంత్రానికి ముప్పు లేదు. చిటపటమన్నా, కమురు వాసన వచ్చినా ఆలోచించకుండా స్విచ్చి ఆర్పాలి.

ఇక ఝుమ్మనే తుమ్మెద. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఇనుపదిమ్మ మీద చుట్టిన తీగలో అది పారితే, ఒక్కొక్క ఊపుకు దిమ్మ రెండుసార్లు బిగిసి సడలుతుంది. అంటే సెకనుకు 100 వణుకులు. అదే ఆ ఝుంకారం. ఇది స్పీకరులోంచి రావచ్చు, బల్లకింది యూపీఎస్‌లోంచి రావచ్చు, ఎస్.ఎం.పి.ఎస్. అనే కరెంటు పెట్టెలోంచీ రావచ్చు. ఒక్కొక్కదాన్నే తప్పించి చూడాలి. స్పీకరు తీగ పీకాను, పోలేదు. యూపీఎస్ తప్పించి గోడప్లగ్గుకే పెట్టాను, పోలేదు. 1816లో లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కాగితం చుట్టి రోగి గుండె విన్నాడట. స్టెతస్కోపుకు అదే ఆది. నేనూ వారపత్రిక ఒకటి గొట్టంగా చుట్టి, ఒక కొస చెవికీ రెండో కొస పెట్టెకూ ఆనించాను. తుమ్మెద కరెంటు పెట్టెలోనే ఉంది. జల్లెడ సందులోంచి టార్చి వేసి చూస్తే, చదునుగా ఉండవలసిన కెపాసిటరు నెత్తి పూరీలా పొంగి ఉంది. బయటినుంచి చూడడమే సుమండీ! ఆ పెట్టె మూత విప్పరాదు. లోపల 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాతా కొంతసేపు కాచుకుని కూర్చుంటుంది.

ఆ పెట్టె కేబినెట్టుతోపాటు ఉచితంగా వచ్చినది. మీద 450 వాట్లని పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు. హెచ్చవేయండి: 192 వాట్లు. ఈనాటి కంప్యూటరు తాగేదంతా దాదాపు ఆ గడిలోంచే కనుక, కొనేవాడు చూడవలసినది ఆ గడినే. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో నేను ఎంచుకున్నదాని మీదా 450 వాట్లే ఉంది గాని, ఆ గడిలో 36 ఆంపియర్లు. అంటే 432 వాట్లు.

నా యంత్రానికి మెదడు 65 వాట్లు, తక్కినవన్నీ కలిపి మరో 60, 70. కనుక 450 ధారాళం. మూడుపూటలా తిని కూర్చునేవాడికి పహిల్వాను భోజన మెందుకు? సగం భారంతో నడిచే పెట్టె చల్లగా ఉంటుంది, పంకా నెమ్మదిగా తిరుగుతుంది. పంకా పెద్దదైతే మరీ మంచిది. 120 మిల్లీమీటర్లది నిదానంగా తిరిగీ, చిన్నది పరుగెత్తి తోసినంత గాలీ తోస్తుంది. 2004లో మొదలైన "80 ప్లస్" ముద్ర తీసుకున్న కరెంటులో కనీసం 80 వంతులు పనికి వస్తుందని చెబుతుంది. రొద గురించి అది ఒక్క మాటా చెప్పదు. వోల్టేజి పెరిగినా, షార్టు అయినా తనంతట ఆగే రక్షణ ఉందా, గ్యారంటీ ఎన్నేళ్ళు అన్నవి అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో గోడప్లగ్గుకు ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించుకోవాలి. అది లేకపోతే షాకు కొట్టే ప్రమాదం ఉంది.

మూడు వేల చిల్లరతో పని తీరింది. బోర్డు నిక్షేపంగా ఉంది. కొత్త పెట్టె బొత్తిగా మౌనమూ కాదు. రాత్రి ఊరు సద్దుమణిగాక చెవి ఒగ్గితే సన్నని కూత ఒకటి వినిపిస్తుంది. అది ఏమిటో తెలుసు కనుక నిద్ర పడుతోంది.

మొన్న ఒక తిరగలి పాట పెట్టాను. పాడిన అవ్వ పోయి ఆరేళ్ళయింది. తుమ్మెద లేదు గదా, పాట అడుగున తిరగలి గరగర స్పష్టంగా వినిపించింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఆ చప్పుడు మాత్రం తీసేయకండి" అంది.