మా అమ్మాయి చరిత్ర చదువుతోంది

పదో తరగతి పిల్లలున్న ఇళ్లల్లో ఈ నెలల్లో ఒకటే మాట నడుస్తుంది: ఎంపీసీనా, బైపీసీనా? మా ఇంట్లో ఏడేళ్ల కిందట నడిచింది. మళ్లీ ఏడాదికి మా అబ్బాయి వంతు. వాడు ఇప్పుడు మన స్కూల్లోనే తొమ్మిదో తరగతి. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో కోఆర్డినేటర్ మేడమ్ "మీ పెద్దమ్మాయి ఏం చేస్తోందండీ?" అని అడిగారు. "ఎంఏ హిస్టరీ" అన్నాను. పక్కన కూర్చున్న ఒకావిడ జాలిగా చూసి, "ఇంటర్‌లో మార్కులు సరిగ్గా రాలేదా?" అన్నారు. మార్కులు బాగానే వచ్చాయి. ఎంపీసీ చదివింది, ఎంసెట్ ర్యాంకు కూడా వచ్చింది. ఆ తరువాత బీఏలో చేరతానంది. అందుకే మేడమ్ ఈ పేజీకి ఏదైనా రాయమనగానే ఈ సంగతే రాస్తానని ఒప్పుకున్నాను.

తనిప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ రెండో ఏడాదిలో ఉంది. తీసుకున్న పేపర్లలో ఎక్కువ భాగం ఆధునిక, సమకాలీన చరిత్రవే. ఈ రెండు మాటలకీ తేడా ఏమిటని మొదట్లో అడిగాను. మన దేశంలో సాధారణంగా పద్దెనిమిదో శతాబ్దం నడిమి నుంచి, అంటే 1757 ప్లాసీ యుద్ధం అటూ ఇటూ కాలం నుంచి 1947 దాకా ఆధునికం, ఆ తరువాతది సమకాలీనం అంటారట. ఫ్రాన్సులో మాత్రం 1789 విప్లవం నుంచే సమకాలీన చరిత్ర మొదలవుతుందట. వాళ్లకు రెండు వందల ఏళ్ల కిందటిది కూడా 'ఈ కాలం' లెక్కే. జర్మనీలో హాన్స్ రోత్‌ఫెల్స్ అనే ఆయన 1953లో ఇంకో విధంగా చెప్పారు: ఇప్పుడు బతికున్న మనుషులు చూసిన కాలమే సమకాలీన చరిత్ర అని. నాకు ఈ చివరిది నచ్చింది. ఆ లెక్కన మా ఇంట్లో ఒక మూల మంచం మీద సమకాలీన చరిత్ర పడుకుని ఉంది. ఆమె మా అత్తమ్మ, 87 ఏళ్లు.

అసలు తను చదువుతున్న యూనివర్సిటీ పుట్టుకే సమకాలీన చరిత్ర. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం చల్లారాక 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలన్నది అందులో ఒక సూత్రం. 1974లో పెట్టారు. మొదట అది గచ్చిబౌలిలో లేదు, ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ ఇంట్లో నడిచింది. 1969 గొడవల్లో మా మేనమామకు కాలేజీ చదువు ఒక ఏడాది పోయింది. ఆయన పోగొట్టుకున్న ఏడాదికీ మా అమ్మాయి హాస్టల్ గదికీ సంబంధం ఉందని తను చెప్పేదాకా మాకు తట్టలేదు.

ఇక చదువు సంగతి. తేదీలు బట్టీ పట్టడం ఉంటుందనుకున్నాను. తేదీలు కావాలిగానీ పరీక్ష వాటి మీద కాదు. ఒక వారం మొత్తం ఒకే కాగితం చదువుతారు. అది ఒక కలెక్టర్ ఉత్తరం కావచ్చు, పత్రికలో వచ్చిన ప్రకటన కావచ్చు, కోర్టు తీర్పు కావచ్చు. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, అప్పుడు వాళ్లకు ఏం తెలుసు, ఏం రాయకుండా వదిలేశారు అని క్లాసులో గంటల తరబడి వాదించుకుంటారు. సెలవులకు ఇంటికొచ్చినా అదే అలవాటు. ఫ్యామిలీ గ్రూప్‌లో వాళ్ల బాబాయ్ ఏదో 'చరిత్రలో దాచిన నిజం' అని ఫార్వర్డ్ పెడితే, "ఇది ఎక్కడి నుంచి వచ్చింది బాబాయ్?" అని అడుగుతుంది. ఆయనకు కోపం వస్తుంది. పండుగపూట ఎందుకే అని నేను సర్దుతుంటాను.

మొదటి సెమిస్టర్‌లో తనకు ఇచ్చిన సెమినార్ పేపర్ సెప్టెంబరు 17 మీద. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17 సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు సంస్థానం సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయారు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు, పేచీ అంతా పేరు దగ్గరే. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, విద్రోహం అనేవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వ కాగితాల్లో 'పోలీసు చర్య'. మన కళ్ల ముందే 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆ రోజును జాతీయ సమైక్యతా దినం అంది, కేంద్రం విమోచన దినం అంది. 2024లో రాష్ట్రంలో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. అదే రోజు మహారాష్ట్రలో మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం.

"ఇంతకీ ఏది కరెక్టు?" అని మావారు అడిగారు. మన అందరికీ వచ్చే ప్రశ్నే కదా. తను జవాబు చెప్పలేదు. ఏ పేరు ఎవరు, ఎప్పటి నుంచి వాడుతున్నారో చూస్తే ఒక్కో పేరు వెనక ఒక్కో గుంపు అనుభవం కనిపిస్తుంది నాన్నా, అంది. ఆ నెలల్లో జిల్లాల్లో ముస్లిం కుటుంబాల మీద జరిగిన హింసను చూసి రమ్మని ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్ కమిటీని పంపిందని, ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదని అప్పుడే చెప్పింది. నేను సూర్యాపేట కోడలిని. రజాకార్ల సంగతి వినని రోజు లేదుగానీ ఈ కమిటీ మాట ఎప్పుడూ వినలేదు.

ఆ పేపర్ కోసమే మా అత్తమ్మను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేసింది. అత్తమ్మ పుట్టిల్లు సూర్యాపేట దగ్గర పల్లె. విజయవాడ వైపు నుంచి వచ్చిన సైన్యం ఆ దారినే హైదరాబాద్‌కు పోయింది. అప్పటికి ఆమెకు పదేళ్లు ఉండొచ్చు.

"ఏ సంవత్సరం నానమ్మా?" అంటే చెప్పలేదు. "వినాయకుని పండుగ అయిపోయింది, బతుకమ్మ ఇంక రాలె. రాత్రిపూట వెన్నెల పట్టపగలు లెక్క ఉండె. ఆ వెన్నెల్ల మిల్ట్రీ లారీలు పోతుంటే గోడ మీదికెల్లి చూసినం" అంది.

మా అమ్మాయి పాత పంచాంగం తిరగేసింది. ఆ ఏడాది చవితి సెప్టెంబరు 7 ప్రాంతంలో. పౌర్ణమి 18న. చదువుకోని ఆ ముసలమ్మ జ్ఞాపకం తారీఖుతో సహా సరిపోయింది. ఆ రోజు మా అమ్మాయి మొహం చూడాలి, ర్యాంకు వచ్చిన రోజు కూడా అంత వెలగలేదు.

కానీ అన్నీ అలా కుదరలేదు. అత్తమ్మ 'రజాకార్లు' అని చెప్పిన కథల్లో కొన్ని ఆ దళం పెరగకముందటివని తేలింది. "ఆమె రజాకార్లు అన్నప్పుడు ఎవరిని అంటోంది?" అని ప్రొఫెసర్ అడిగారట. మళ్లీ వచ్చి మెల్లగా అడిగితే దొర మనుషులు, నిజాం పోలీసులు, రజాకార్లు ముగ్గురూ ఆమెకు ఒకటే పేరైపోయారని అర్థమైంది. పల్లెకు వచ్చి ధాన్యం ఎత్తుకెళ్లేవాడు ఏ బట్ట వేసుకున్నాడో పదేళ్ల పిల్లకెందుకు? ఆమె చెప్పింది అబద్ధమని కొట్టేయడానికి లేదు, ఉన్నదున్నట్టు రాసుకోవడానికీ లేదు. ఈ రెండింటి మధ్య నిలబడి రాయడమే వీళ్ల చదువు.

ఆ రికార్డింగ్‌లో ఇంకో మాట ఉంది. దాన్ని మేమంతా నలభై ఏళ్లుగా వింటూనే ఉన్నాం. "మిల్ట్రీ వచ్చినంక మా చిన్నాయన మూడేండ్లు ఇంటికి రాలె." ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. రజాకార్లకు భయపడి ఎటో పోయి ఉంటాడని మావారు అనుకునేవారు. కానీ రజాకార్లు పోయింది మిల్ట్రీ వచ్చిన రోజే కదా, ఆ తరువాత భయమెందుకు? ఆ ప్రశ్న వేసింది మా అమ్మాయి.

ఆయన సంఘంలో ఉన్నాడు. పల్లెల్లో ఆంధ్ర మహాసభను సంఘం అనేవారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక రాజుకున్న పోరాటం నిజాం లొంగిపోగానే ఆగలేదు. దున్నుకుంటున్న భూములు వదలబోమని దళాలు అడవుల్లోకి వెళ్లాయి, కొత్తగా వచ్చిన సైన్యం వాళ్ల వెంట పడింది. పోరాటం విరమించింది 1951 అక్టోబరులో. "ఓట్ల ముందు వచ్చిండు" అని అత్తమ్మ అంటుంది. మొదటి సాధారణ ఎన్నికలు అవే. ఆ ఎన్నికల్లోనే రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి భారీ మెజారిటీతో గెలిచారు. పుస్తకంలో 1948 సెప్టెంబరు 17తో ముగిసిన అధ్యాయం మా అత్తమ్మ పుట్టింట్లో 1951 చివరిదాకా నడిచింది.

మావారు ఆ రాత్రి భోజనం మధ్యలో లేచి వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఆడవాళ్ల నోటి మాటలతో ఈ పోరాటం మీద పుస్తకమే ఉంది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. ఇప్పుడు క్లాసులో అది పాఠం. అంతకన్నా ముందు 1949లోనే సురవరం ప్రతాపరెడ్డి గారు రాజుల వరసను పక్కనపెట్టి జనం తిండి, బట్ట, ఆట, పాట గురించి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశారు. తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దానికే.

రెండో సెమిస్టర్‌లో తను ఉర్దూ మొదలుపెట్టింది. నిజాం కాలపు పాలన కాగితాలు చాలావరకు ఉర్దూలోనే ఉన్నాయి, అంతకుముందువి ఫారసీలో. శనివారాలు రాయదుర్గంలో మెట్రో ఎక్కి తార్నాకలో దిగి రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోతుంది. మా ఇనప్పెట్టెలో ఒక పాత శిస్తు రసీదు ఉండేది. ఎవరికీ చదవరాక, పారేయడానికి మనసొప్పక అలాగే ఉంచాం. తను కూడబలుక్కుని చదివింది. పైన ఉన్న 1357 ఏమిటా అని మేం చూస్తుంటే, అది ఫసలీ సంవత్సరం, 590 కలపండి అంది. సరిగ్గా ఆ 1947-48 సాగు ఏడాదిదే. భూమి ఉన్నవాళ్లకు ఇది వింతేం కాదు. ఈ రోజుకీ తెలంగాణలో పొలం తగాదా వస్తే వకీలు మొదట అడిగేది 1954-55 ఖాస్రా పహాణీనే కదా.

ఉద్యోగం మాటేమిటి? ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది ఎదురుచూస్తున్నది ఈ పేరా కోసమేనని తెలుసు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ అనేది వీళ్లకు దాదాపు లేదు. ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ, ఆ తరువాత అధ్యాపక ఉద్యోగాలు. సివిల్స్‌లో, మన గ్రూప్స్‌లో చరిత్ర, తెలంగాణ ఉద్యమం ఎలాగూ ఉంటాయి. లా చదివేవాళ్లు, జర్నలిజంలోకి, మ్యూజియంలలోకి వెళ్లేవాళ్లు, బీఈడీ చేసి మన పిల్లలకు సోషల్ చెప్పేవాళ్లూ ఉన్నారు. దారి పొడుగు, ఫీజు తక్కువ. మా అమ్మాయి నెట్ రాయాలనుకుంటోంది. మావారికి గుండెల్లో దడ ఉంది, బయటికి చెప్పరు. నాకూ ఉంది, నేను చెబుతాను.

ఒక చిన్న విషయం. ఇంటర్‌లో హెచ్‌ఈసీ ఉన్న కాలేజీ దగ్గర్లో లేదని దిగులు పడకండి. ఏ గ్రూపు చదివినా బీఏలో చరిత్ర తీసుకోవచ్చు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుంచి సీయూఈటీ పరీక్ష ఉంది. డిగ్రీ ఒకచోట చేసి పీజీకి అటు మారినవాళ్లూ చాలామంది. మా అమ్మాయి అలాగే వెళ్లింది.

సెమినార్ పేపర్‌నే పెంచి ఇప్పుడు డిసర్టేషన్‌గా రాస్తోంది. ఆ మధ్య మొదటి ప్రతి ప్రింటు తీసి తెచ్చి, నానమ్మ పేరు ఉన్నచోటు వేలు పెట్టి చూపించింది. పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో: ఇంటర్వ్యూ, తారీఖు, ఊరు. అత్తమ్మకు చదవడం రాదు. కళ్లద్దాలు పెట్టుకుని కాగితాన్ని దగ్గరికి లాక్కుని ఆ వేలు ఉన్నచోటే చాలాసేపు చూసింది.

"గింత కిందికి పెట్టినవేందే నా పేరు, మీద జాగ లేదా?" అంది.