శ్రీశైలపు కనుమదారి

మంచుదేశములలో కారు నడుపు విధానముతో మన నల్లగొండ మెట్టసీమ స్త్రీలకేమి పనియని మేమును తలచియుంటిమి. మొన్నటి శ్రావణమున చేసిన శ్రీశైలయాత్ర ఆ తలంపును మార్చినది.

మా ఆడుబిడ్డ కుమారుడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున నున్నాడు. అతడు సెలవులకు రాగా, అద్దెకారు మాట్లాడుకొని పిల్లలతో దేవరకొండ మీదుగా బయలుదేరితిమి. డిండి యొద్ద టీ త్రాగుటకు ఆగినప్పుడు జల్లు పడుచుండెను. అతడు వెనుకచక్రముకడ కూర్చుండి, టైరు గాడిలో వ్రేలు పెట్టి చూచి, "అత్తమ్మా, ఇది నున్నగా అరిగినది. దీనితో ఘాటు దిగరాదు" అనెను. డ్రైవరు నవ్వెను. మా వారు ఆలస్యమగునని గొణిగిరి. దర్శనవేళ తప్పునని మాకును మనసులో నుండెను, దాచనేల?

అప్పుడతడు చెప్పిన మాటలివి. ఒక్కొక్క టైరు నేలను తాకునది ఇంచుమించు అరచేయంత మేరయే. బండి యంతయు ఆ నాలుగు అరచేతులపై నిలిచియుండును. చలి సుమారు 7 డిగ్రీలకు దిగువైనచో మామూలు రబ్బరు బిగిసిపోవును; కావున మంచుదేశములలో చలికిని మెత్తగా నుండు రబ్బరుతో, సన్నని చీలికలతో వేరు టైర్లు చేయుదురు. మంచు దట్టమైన కొండదారులలో ఇంజను త్రిప్పు చక్రములకు ఇనుపగొలుసులు చుట్టి మెల్లగా పోవుదురు. మంచులేని రోడ్డు రాగానే విప్పుదురు. మన వానకు గొలుసులక్కరలేదు, గాడులే చాలును. అవి నీటిని ప్రక్కలకు త్రోయును. అరిగినచో టైరు నీటిపై తేలును. అప్పుడు బ్రేకును స్టీరింగును మాట వినవు. మన చట్టము ప్రకారము కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. గాడి అడుగున చిన్న మిట్టలుండును. టైరు పైభాగము వానితో సమమైనచో దాని పని తీరినట్లే. ఇది చూచుటకు వంగిన చాలును, యంత్రవిద్య యక్కరలేదు.

మా చిన్నది ఒడిలో నిద్రించుచుండెను. దాని ముఖము చూచి మేమే "అచ్చంపేటకు పోనిండు" అంటిమి. దారి విడిచి పోయి, గంటన్నర కూర్చుండి, వెనుకకు క్రొత్త టైర్లు రెండు వేయించితిమి. ఖరీదులో సగము మా చేతిసొమ్మే. గాజుల కొఱకు దాచినది!

మన్ననూరు దాటిన పిదప అమ్రాబాదు పులుల అడవి. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 వరకు అచ్చట వాహనములను విడువరు గనుక ప్రొద్దు చూచుకొనుచు పోయితిమి. దోమలపెంట దాటి ఆనకట్టవైపు దిగు మలుపులలో వాన ముమ్మరమాయెను. డ్రైవరు తక్కువ గేరులో దించుచుండెను. ఒక మలుపున ఎదురుగా బస్సు వచ్చెను. బ్రేకు వేయగా కారు జారక నిలిచెను. ప్రక్కన లోయ, అడుగున కృష్ణ. కొంతసేపు ఎవ్వరమును మాటాడలేదు.

మరునాడు తిరుగు ప్రయాణమునకు ముందు డ్రైవరు ముందుచక్రముకడ కూర్చుండి గాడిలో వ్రేలు పెట్టి చూచుచుండగా, మా పెద్దవాడు పోయి అతని ప్రక్కన కూర్చుండెను.